అతిథి చోటు

"సరస్సు నీటిమట్టం మూడు కోట్ల మీటర్లట!" లాప్‌టాప్ చూస్తూ బెర్మెట్ తల పట్టుకుంది. సరస్సు దగ్గరి యంత్రం పంపే అంకెల్ని చదివే తన ప్రోగ్రాంని సాయంత్రంలోగా సరిచేయకపోతే కొండకింది ఊళ్లకు వరద హెచ్చరికలు అందవు.

"ముందు టీ ఇవ్వవే," అంది అత్తగారు.

బెర్మెట్ కళ్లు లాప్‌టాప్ మీదే ఉంచి, అలవాటుగా అరుగు పైకొసన అతిథి కోసం ఖాళీగా ఉంచే చోటు వదిలేసి, వరసగా ఎవరి టీ గిన్నె వాళ్ల చోట్లో పెట్టింది.

"నా టీ చప్పగా ఉందేమిటే?"

"నా దాంట్లో అమ్మ వేసుకునే జామ్ ఉందేంటి!" అన్నాడు భర్త.

"నాకసలు గిన్నే రాలేదు," అన్నారు మామగారు.

అత్తగారు మామగారిని ఎగాదిగా చూసింది. "వస్తుందెలా? అతిథి చోట్లోకి జరిగారుగా! మీ వెనకే అందరం జరిగాం. ఖాళీగా ఉన్నా అదీ ఒక చోటేనండీ!"

బెర్మెట్ గంతేసింది. "అత్తయ్యా! సరస్సు దగ్గరి యంత్రం అంకెల ముందు ఒక చోటు ఖాళీ వదులుతోంది. మా ప్రోగ్రాం ఆ ఖాళీని వదలకుండా అంకెతో కలిపి చదువుతోంది!"

కాసేపట్లో తెరమీద మట్టం రెండు మీటర్లయింది.

అత్తగారు కోడలి పక్కనున్న కెటిల్ లాక్కుని మామగారి వైపు తిరిగింది. "మీరు దిగండి, అతిథి వచ్చింది. ఎక్కవే పైకి!"