ఎత్తుకుపోదగ్గ గాడిద

కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. నీళ్ళ తొట్టి నిండుగానే ఉంది. డచెస్ మాత్రం లేదు.

"తాళం వెయ్యలేదా?" అన్నాడు షెరీఫ్ గ్రేడీ.

"ఎవరొస్తారని వెయ్యాలి?" అంది లూవెల్లా. డచెస్‌ను పిల్లప్పటి నుంచీ సాకిన ముసలావిడ ఆమె. కొట్టం పక్కనే ఆమె ఇల్లు.

గ్రేడీ తలుపు గొళ్ళెం కదిపి చూశాడు. డచెస్ అనే ఆ కంచర గాడిద కార్విల్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు చిహ్నం. అది మైదానం చుట్టూ తిరిగాకే జట్టు లోపలికి అడుగుపెట్టాలి. కార్విల్ దేశాన్ని గడగడలాడించిన రోజుల్లో, ఏటా పెద్ద ఆటకు ముందు డెన్‌మూర్ కాలేజీ కుర్రాళ్ళు దొంగచాటుగా వచ్చి డచెస్‌ను ఎత్తుకుపోయేవారు. గిట్టలకు తమ పచ్చరంగు పూసి, ఆటనాటి పొద్దున గేటు దగ్గర కట్టేసి పోయేవారు. వాళ్ళలో కొందరికి ఇప్పుడు తల నెరిసింది. కార్విల్ ఓడటం మొదలుపెట్టాక ఒక్కడూ ఇటు రాలేదు. చివరికి తాళం కూడా తుప్పుపట్టి రాలిపోయింది.

కోచ్ టిప్టన్ రొప్పుతూ వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదని అతని మొహమే చెబుతోంది. ఈ శనివారం డెన్‌మూర్ చేతిలో మళ్ళీ ఓడితే జట్టునే ఎత్తేస్తామని కాలేజీ పాలకమండలి తేల్చి చెప్పింది. స్టేడియంలో సగం టిక్కెట్లు కూడా అమ్ముడుపోలేదు.

"కొత్తవాళ్ళు చెయ్యి వేస్తే డచెస్ ఊరు లేచేలా అరుస్తుంది," అన్నాడు గ్రేడీ, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. "రాత్రి కిక్కురుమనలేదంటే తెలిసినవాళ్ళ పనే."

లూవెల్లా మెల్లగా కాలు జరిపింది. గడ్డిలో మెరుస్తున్న పిప్పరమెంటు కాగితం ఆమె బూటు కిందికి పోయింది. పిప్పరమెంటు చూపిస్తే డచెస్ నరకానికైనా నడుస్తుంది. పొగాకు మానేసిన దగ్గర్నుంచి టిప్టన్ కోటు జేబు నిండా అవే ఉంటాయి.

"దాని దుప్పటేదీ?" అన్నాడు గ్రేడీ.

టిప్టన్ కొక్కెం వైపు చూశాడు. లూవెల్లా కుట్టిన దుప్పటి లేదు. గాడిదకు చలేస్తుందని దుప్పటి కూడా పట్టుకెళ్ళే దొంగ ఈ ఊళ్ళో ఒక్కరే ఉంటారని అతనికి అనిపించింది. ముసలావిడ కళ్ళలో నీటిచుక్క కూడా లేదు.

"ఉతకడానికి వేశాం," అన్నాడు.

మధ్యాహ్నానికి కబురు ఊరంతా పాకింది. కాఫీ దుకాణంలో మొదట తిట్లు వినిపించాయి. ఆ తర్వాత ఎవరో, అంటే డెన్‌మూర్ వాళ్ళు మనల్ని చూసి భయపడుతున్నారన్నమాట, అన్నారు. అంతే, తిట్లు ఆగాయి. మంగలి తన దుకాణానికి జెండా కట్టాడు. పాత జెర్సీలు అటకల మీంచి దిగాయి. సాయంత్రానికి టిక్కెట్ల కిటికీ ముందు వరుస వీధి మలుపు దాటింది. దొంగను పట్టుకోమని షెరీఫ్‌ను అడిగినవాడే లేడు.

శనివారం పొద్దున డచెస్ గేటు దగ్గర కట్టేసి ఉంది. గిట్టలకు పచ్చరంగు, ఒంటిమీద దుప్పటి.

ఆటకు ముందు టిప్టన్ కుర్రాళ్ళను చుట్టూ కూర్చోబెట్టాడు. చెప్పబోయేది అబద్ధమని తెలిసే నోరు విప్పాడు.

"ఒరేయ్, ఏమీ లేనోడి ఇంట్లో ఎవడూ దొంగతనం చెయ్యడు," అన్నాడు. "వాళ్ళు మన గాడిదను ఎత్తుకెళ్ళారు."

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆఖరి నిమిషంలో కార్విల్ గెలిచింది. జనం మైదానంలోకి దూకారు. జట్టును ఎత్తేయాలన్న పాలకమండలి అధ్యక్షుడే గోల్ స్తంభం పట్టుకుని ఊగుతున్నాడు. వచ్చే ఏటి ఆటకు మొదటి వరస సీట్లు తనవేనని అరుస్తున్నాడు.

ఆ గోలలో డచెస్ తాడు పట్టుకుని వచ్చిన లూవెల్లా పక్కకు టిప్టన్ చేరాడు.

"మీ రుణం తీర్చుకోలేను మిస్ లూవెల్లా. ఇప్పుడైనా చెప్పండి, ఎక్కడ దాచారు?"

"నేనా?" ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నీ పిప్పరమెంటు కాగితాన్ని షెరీఫ్ కంట పడకుండా తొక్కిపెట్టి చచ్చాను కదయ్యా."

"నేను కొట్టంలో అడుగుపెట్టలేదు. దుప్పటి చూసి మీరేనని..."

ఇద్దరూ ఒకేసారి డచెస్ వైపు తిరిగారు.

అప్పుడే డెన్‌మూర్ కోచ్ ఆర్విన్ కోల్ చెయ్యి కలపడానికి మైదానం దాటి వచ్చాడు. తలంతా నెరిసిన మనిషి. ఓడిపోయిన మొహంలా లేదు.

"మీమీద గెలిచీ గెలిచీ విసుగొచ్చింది టిప్టన్," అన్నాడు. "మా కుర్రాళ్ళకి కార్విల్ అంటే ఏమిటో కూడా తెలియకుండా పోయింది. మా రోజుల్లో చేసిన అల్లరి ఎంత చెప్పినా ఒక్కడూ కదల్లేదు. ఎదుటోడు లేందే ఆటేమిటయ్యా?"

టిప్టన్ చెయ్యి చాచాడు. ఈలోగా డచెస్ లూవెల్లా చేతిలోని తాడు లాక్కుని ముందుకు నడిచింది. టిప్టన్ జేబును దాటుకుని వెళ్ళి, కోల్ పచ్చకోటు జేబులో ముక్కు దూర్చింది. కరకరమని చప్పుడైంది. ఆయన దాని చెవి వెనక గోకాడు, పాత చుట్టాన్ని పలకరించినట్టు. ఆయన గోళ్ళ అంచున ఇంకా పచ్చరంగు ఉంది.

లూవెల్లా టిప్టన్ చెవి దగ్గరికి వంగింది.

"దొంగ ఆర్విన్ కోలే, అబ్బాయ్."