బాలింత కారం

1982 జూలైలో, ఆకులు సగం ఎండాయని, చర్చి నుంచి రాగానే జోసఫ్ వెల్లుల్లి మడి తవ్వాడు. గడ్డలు పిడికిలంత ఊరాయి.

ఆ రెబ్బలు నాటింది అతని భార్య వసంతకుమారి. కిందటి నవంబరులో, డాక్టర్ డ్యూ డేట్ జూలై అని చెప్పిన రోజే నాటింది.

"ఈ మిషిగన్ మంచులో ఫ్రీజ్ అయిపోవూ?" అని అతను నవ్వాడు.

"చలి తగిల్తేనే రెబ్బలు విడతాయటండీ. నా పురుడుకి సరిగ్గా అందొస్తాయి. బాలింత వెల్లుల్లి కారం తింటే పాలు బాగా పడతాయి."

ఇప్పుడామె చెవులు కప్పేలా తలకు గుడ్డ కట్టుకుని ఆ కారమే దంచింది. వేడన్నంలో నెయ్యి వేసుకుని మొదటి ముద్ద కలిపింది.

"రేడియో తగ్గించండి. పాప ఇప్పుడే పడుకుంది."

జోసఫ్ రేడియో ఆపేశాడు.

ఫిబ్రవరిలో, మడి మీద మోకాలి లోతు మంచున్నప్పుడు, ఆస్పత్రి నుంచి ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పాప కోసం సర్దిన గది తలుపు ఆనాటి నుంచీ తీయలేదు.

జోసఫ్ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఆ తలుపు ముందు నుంచి మునివేళ్ళ మీద నడిచాడు.