మాయ ఉంగరం ధర

పలాసలో ఆదివారం ఆరాధన అయ్యాక స్నేహితులంతా షైని వాళ్ల డాబా మీద చేరతారు. పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా మాయాలోకపు కథ ఆడతారు. ఆట నడిపేది సైలస్. కథలో దుకాణదారు కూడా అతనే. షైని మంత్రగత్తె.

ఆ రోజు ఆటలో ఆమె తాను మంత్రించి తయారుచేసిన ఉంగరాన్ని అతని దుకాణానికి అమ్మకానికి తెచ్చింది.

"పెట్టుకున్నోళ్లు అబద్ధం ఆడలేరు. వెయ్యి వరహాలు."

"సొంతంగా సేసిన సరుక్కి సగమే ఇత్తాను," అన్నాడు సైలస్. ఆమె ఒప్పుకోలేదు. అతను ఇంకా తగ్గించి వందకు దిగాడు.

"నమ్మకం లేకపోతే ఏలికి పెట్టుకుని సూడు," అంది షైని ఉక్రోషంగా.

"పెట్టుకున్నాను."

"అయితే సెప్పు. ప్రతివారం టెక్కలి నుంచి బస్సెక్కి ఎందుకొత్తన్నావు?"

అందరూ సైలస్ వైపు తిరిగారు. ఆట నియమం ప్రకారం, మంత్రం నుంచి తప్పించుకోవాలంటే సైలస్ పాచిక వేసి అదృష్టం చూసుకోవచ్చు. అతను వేయలేదు.

"నీకోసమే."

డాబా దద్దరిల్లేలా మిత్రులు కేకలు పెట్టారు. షైనికి నవ్వాగలేదు.

"మరి ఇంత మంచి ఉంగరానికి వందేటి?"

"మంచి రేటిత్తే అమ్మేసి ఎల్లిపోతావు గదా. పెట్టుకుని సూడమని నువ్వే అనాలని తగ్గించుకుంటా వచ్చాను."