గేటు తాళం

పొద్దుటినుంచి ఉలుకూ పలుకూ లేని పెట్టె సాయంత్రం ఉన్నట్టుండి మోగింది. మొదట సన్నగా, చూస్తుండగానే గట్టిగా.

“ఇటే వస్తోంది. కిటికీలు వేసెయ్యి,” అన్నాడు షావుకారు.

ఆయన భార్య పరిగెత్తింది. ఆడచిరుత మెడకు కట్టిన రేడియో పట్టీ దగ్గరికొచ్చేకొద్దీ ఆ పెట్టె గట్టిగా అరుస్తుంది. ఆ చిరుత పిల్లల తల్లి, ఇంతవరకు ఇంటి ఛాయలకే రాలేదు. ఇవాళేం పుట్టిందో.

అంతలో గుమ్మం ముందు కారు ఆగింది. మధ్యాహ్నం చెరువు చూసొస్తానని అడవిలోకి వెళ్ళిన తమ్ముడు దిగాడు. షావుకారు వాడి చెయ్యి పట్టి లోపలికి లాగి గడియ పెట్టాడు.

“చిరుత నీ వెనకాలే వచ్చిందిరా.”

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎవరు చెప్పారు?”

“ఆ పెట్టె. మెడలో పట్టీ ఉందిగా, ఎటు పోతే అటు చెబుతుంది.”

తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. “గేటు తాళం తీయి అన్నయ్యా. నేను పోతాను.”

అడవి దాటాలంటే ఆ గేటొక్కటే దారి. చీకటి పడే వేళకు తాళం పడుతుంది. తాళంచెవి షావుకారు జేబు వదలదు. తాతగారు ఈ అడవిని నరికి కోట్లు గడించారు, వేటాడిన తోళ్లతో ఈ హాలు గోడలు నింపారు. ఆస్తి చేతికి రాగానే మనవడు కలప మిల్లు మూసి అందులో ఆస్పత్రి పెట్టాడు. తోళ్లు పాతిపెట్టాడు. మిగిలిందంతా అడవికే పోశాడు. జనం ‘పిల్లుల షావుకారు’ అని నవ్వుకున్నారు. పంపకాల్లో తాతగారి తుపాకీ పట్టుకెళ్ళిన తమ్ముడైతే ఎదురుగానే నవ్వేవాడు. ఇవాళ మాత్రం నవ్వడం లేదు.

షావుకారు కిటికీ సందులోంచి పెట్టె ఏరియల్ తిప్పి చూశాడు. “సరిగ్గా నీ కారు వెనకాల ఉంది.”

“ఈ పూటకి ఉండిపోవయ్యా,” అంది వదిన.

“వద్దు వదినా. ఊపిరాడటం లేదు.”

వాడి వణుకు చూసి షావుకారు గుండె కరిగింది. భయం ఆయనకూ ఉంది. తమ్ముడి మీద పంజా పడిందా, వాడూ దక్కడు, ఊరు ఆ చిరుతనూ బతకనివ్వదు. దాని పిల్లలు ఆకలికి చస్తాయి.

“పద, నేను అడ్డం ఉంటాను. ఆస్పత్రికి మందుల పెట్టెలున్నాయి, డిక్కీలో...”

“ఖాళీ లేదన్నయ్యా. రేపు పంపు.”

షావుకారు పెట్టెను భుజాన తగిలించుకుని, టార్చి పట్టుకుని ముందు నడిచాడు. చిరుత కనిపించలేదు. పెట్టె మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. తమ్ముడు కారెక్కేదాకా ఆయన డిక్కీకి వీపు ఆనించి, చేతులు చాపి కాపలా కాశాడు. పరుగున వెళ్ళి గేటు తీశాడు.

“జాగ్రత్తరా. అద్దాలు దించకు.”

తమ్ముడు తలెత్తి చూడలేదు. కారు దూసుకుపోయింది.

చీకట్లో షావుకారు ఒంటరిగా మిగిలాడు. ఇక అది దూకితే తనమీదే. గేటు స్తంభానికి అతుక్కుపోయి కళ్ళు మూసుకున్నాడు.

కారు దూరమయ్యేకొద్దీ పెట్టె అరుపు సన్నబడింది.