సియెర్రా మూదా రెండో ఆల్బమ్

పెళ్ళికి ఎనిమిది రోజులుందనగా గంగాధర మగ్గం ఆపేశాడు.

మగ్గం మీద ఉన్నది శామ్యూల్ కూతురు ప్రేమలత పెళ్ళిచీర. తెల్లపట్టు, సన్న జరీ అంచు. చీరంతా అయింది. కొంగు ఒక్కటే మిగిలింది.

ధర్మవరం నేతగాడు గంగాధరకీ పెనుకొండ మండలాఫీసు గుమాస్తా శామ్యూల్‌కీ మధ్య చిచ్చు పెట్టింది పొలం గట్టు కాదు, ఎలక్షనూ కాదు. సియెర్రా మూదా. స్పెయిన్ దేశపు పాటల బృందం. వాళ్ళు వాయించేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. ఒక్కో పాట పావుగంట. సొంత దేశంలోనే వాళ్ళను పట్టించుకున్న నాథుడు లేడు. మన జిల్లాలో మాత్రం ఇద్దరు వీరాభిమానులున్నారు.

1993లో చెక్‌డ్యాముల పని చూడటానికి వచ్చిన స్పెయిన్ ఇంజనీరు ఒకాయన, పోతూ పోతూ ఆ పాటలు హిందూపురం కుళ్ళాయప్పకు ఇచ్చిపోయాడు. కుళ్ళాయప్పది క్యాసెట్ల అంగడి. పెద్ద మిషన్లేమీ లేవు. ఇంటి వసారాలో రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటి పాడుతుంటే ఇంకోదాంట్లో రికార్డు చేసి అమ్మేవాడు. డబ్బా మీద బొమ్మ ఉండదు, పాటల పేర్లుండవు. 'సియెర్రా మూదా 1' అని ఒకదాని మీద, 'సియెర్రా మూదా 2' అని ఇంకోదాని మీద పెన్నుతో రాసిపెట్టాడు. ఒకటోది శామ్యూల్ కొన్నాడు. రెండోది గంగాధర కొన్నాడు. మరుసటేడే కుళ్ళాయప్ప అంగడి మూసేసి బెంగళూరు వెళ్ళిపోయాడు.

ఆ అంగట్లో కలిసిన స్నేహానికి పదేళ్ళు. నెలకొక ఆదివారం శామ్యూల్ రైలెక్కి ధర్మవరం వచ్చి రెండో ఆల్బమ్ వినేవాడు. ఇంకో ఆదివారం గంగాధర పెనుకొండ వెళ్ళి మొదటిది వినేవాడు. క్యాసెట్టును మాత్రం ఇద్దరూ గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. అరువిచ్చిన క్యాసెట్టు తిరిగొచ్చిన దాఖలా ఎక్కడైనా ఉందా?

మొదటి ఆల్బమ్‌లో ఉరుకు ఉందంటాడు శామ్యూల్. పాడేవాడిది లేత గొంతు. మూడో పాట చివర ఒక ఈల మూడుసార్లు మోగి ఆగుతుంది. అది వచ్చినప్పుడల్లా శామ్యూల్ కళ్ళు మూసుకుంటాడు.

"అది కుక్కర్ కూత మాదిరి ఉండాది కదా," అంది భార్య ఎస్తేరు ఒకసారి.

"నీకు వంటిల్లు తప్ప ఏం తెలుసు!" అని కసిరాడు.

గంగాధర లెక్క వేరు. రెండోదానికి వచ్చేసరికి పాడేవాడికి వయసొచ్చింది, గొంతు బరువెక్కింది. పాట నింపాదిగా మగ్గం దెబ్బకు సరిపోతుంది. ఆయన టేప్‌రికార్డరూ నింపాదిదే, బెల్టు మార్చి ఏడేళ్ళయింది. ఒక పాట మధ్యలో ఎక్కడో మేక అరుస్తుంది. పల్లె బతుకును పాటలో అంత బాగా పెట్టినవాళ్ళు ప్రపంచంలోనే లేరని ఆయన నమ్మకం.

ఆ రోజు చీర చూడటానికి వచ్చిన శామ్యూల్, టేపు వింటూ వింటూ నోరు జారాడు.

"ఏమబ్బా, దీంట్లో సొంత సరుకు ఏముండాది? నా దాంట్లో రాగాలే ఎత్తుకొచ్చి సాగదీసినారు."

"నీది పచ్చికాయప్పా. అదే రాగం పండితే ఇట్లుంటాది."

"పండలేదు. కుళ్ళిపోయిండాది."

గంగాధర మగ్గం గుంతలోంచి పైకి లేచాడు. "రెండోదే గొప్పదని నీ నోటితో నువ్వు చెప్పాల. అంతదాకా ఈ కొంగు నెయ్యను."

"పెళ్ళికూతురి తండ్రిని, దేవుని ముందర అబద్ధం చెప్పాల్నా? చెప్పను పో!"

ఎస్తేరు ఏడ్చింది. ప్రేమలత ఏడవలేదు. హిందూపురం నెట్ సెంటరుకు వెళ్ళి, గంటన్నర వెతికి, సియెర్రా మూదా డ్రమ్ములాయన ఈమెయిల్ అడ్రసు పట్టుకుంది. మీ రెండు ఆల్బమ్‌లలో ఏది గొప్పదో చెప్పండి, నా పెళ్ళిచీర మీ మాట మీద ఆగిపోయింది అని ఇంగ్లీషులో రాసింది. ఆయన ఏది చెబితే దానికి కట్టుబడతామని పెద్దమనుషులిద్దరూ ఒప్పుకున్నారు.

నాలుగో రోజు జవాబొచ్చింది. ప్రేమలత దాన్ని ప్రింటు తీయించుకుని ధర్మవరం వచ్చింది. అప్పటికే శామ్యూల్ మగ్గానికి అటువైపు, గంగాధర ఇటువైపు మొహాలు తిప్పుకుని కూర్చున్నారు.

ఆమె ముందు ఇంకోసారి తనలో తాను చదువుకుంది. పెదవి కొరుక్కుంది. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసింది.

"ఏం రాసినాడమ్మా?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"కొంగు అయినాక చదువుతా, మామా."

"ఇదేం న్యాయం తల్లీ!" అన్నాడు గంగాధర.

"చదివినాక నువ్వు మగ్గంలో దిగుతావో లేదో ఎవురికి తెలుసు?"

గంగాధర గుంతలోకి దిగాడు. రెండు రోజులు మగ్గం ఆగలేదు. శామ్యూల్ సెలవు పెట్టి పక్కనే కూర్చుని, తెగిన పోగు కనబడితే చూపిస్తూ, టీలు తెచ్చిపెడుతూ కాపలా కాశాడు.

పెళ్ళికి రెండు రోజులుందనగా చీర మగ్గం దిగింది. ప్రేమలత దాన్ని మడిచి, సంచిలో పెట్టి, జిప్పు లాగి, సంచి భుజానికి తగిలించుకుంది. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి కాగితం విప్పింది. ఒక్కో మాటా తెలుగులో చెబుతూ చదివింది.

"'ప్రియమైన ప్రేమలతా, అంత దూరంలో మా పాటలు వినేవాళ్ళు ఇద్దరున్నారని తెలిసి మా ఐదుగురికీ కళ్ళనీళ్ళు ఆగలేదు. మేము 1978లో ఒకే ఒక్క ఆల్బమ్ చేసి విడిపోయాం కాబట్టి, ఆ రెండోది ఎలా ఉందో వినాలని మాకు చాలా ఆశగా ఉంది, దయచేసి ఒక కాపీ పంపగలరా?'"