మీటింగ్‌లో ఉన్న అల్లుడు

“ఫోన్ ఇచ్చి పో. గుమ్మంలో నిలబడితే సిగ్నల్‌కు అడ్డం,” అన్నాడు ప్రవీణ్, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

ఈరేష్ ఫోన్ అందించి పక్కకు తప్పుకున్నాడు.

బెంగళూరు సాఫ్ట్‌వేర్ అల్లుడుగారు కోడుమూరు పక్కనున్న ఈ పల్లెలో, అత్తగారింట్లో దిగి పద్దెనిమిది రోజులైంది. ఆఫీసువాళ్లు నెలరోజులు ఎక్కడినుంచైనా పని చేసుకోమన్నారట. తీరా వచ్చాక చూస్తే ఆయనగారి ఫోన్‌కూ, భార్య రమణి ఫోన్‌కూ ఈ ఊళ్లో సిగ్నల్ లేదు. “మా తమ్ముని ఫోన్‌కు బాగా వస్తాది. దాన్నుంచి మీ ల్యాప్‌టాప్‌కు నెట్ పెట్టుకోండి,” అని రమణే దారి చూపింది. అప్పటినుంచీ పొద్దున తొమ్మిదిన్నర మొదలు సాయంత్రం ఆరు దాకా బామ్మర్ది ఫోన్ బావగారి జప్తులో ఉంటోంది.

మొదటిరోజు ఈరేష్ ఫోన్ ఇచ్చి వీధి చివరి దాకా పోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆదరాబాదరా వెనక్కి వచ్చాడు. “బావా, ఒక మాట...” అంటూ తలుపు తోశాడు. అప్పటికే ప్రవీణ్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గడగడా ఇంగ్లీషు మాట్లాడేస్తున్నాడు. కుక్కను అదిలించినట్టు చెయ్యి ఊపాడు. ఈరేష్ కాసేపు అలాగే చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు. ఆ మాటేదో మళ్లీ ఎత్తలేదు.

అల్లుడుగారి మీటింగులు మొదలయ్యాక ఇంట్లో మిక్సీ బందు. అత్త వెంకటేశ్వరమ్మ మోకాళ్ల నొప్పులతోనే చెనక్కాయల చట్నీ రోట్లో నూరుతోంది. అదీ మెల్లగా. పక్కింటి ఆమె వచ్చి గట్టిగా నవ్విందని ఒకరోజు లోపల్నుంచి కేక పడింది. “ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! ఇక్కడ కోట్ల ప్రాజెక్టు నడుస్తోందమ్మా!” కోట్ల ప్రాజెక్టు నడిపే ఆ దొర మధ్యాహ్నం నాలుగు జొన్నరొట్టెలు లాగించి, “మీ ఊరి నెట్ నత్తనడక” అని త్రేన్చేవాడు. అలాంటి మనిషికి ఈ ఇంట్లో వేడివేడిగా వడ్డించడమే దండగ.

ఈరేష్‌కు ట్రాలీ ఆటో ఉంది. బాడుగలన్నీ ఫోన్‌లోనే వస్తాయి. ఫోన్ చేతిలో లేక ఈ పద్దెనిమిది రోజుల్లో ఉల్లిగడ్డల లోడ్లు సగం పక్కవాళ్లకు పోయాయి. ఇప్పుడు అంతకంటే పెద్దది వచ్చింది. డోన్‌లో హాస్టళ్లకు కూరగాయలు పంపే జయకుమార్ నిన్న సాయంత్రం ఫోన్ చేశాడు.

“రేపు పదకొండుకు చేస్తా ఈరేషూ. ఎత్తినావంటే ఏడాదంతా బండి నీదే. ఎత్తకపోతే ఇంకొకన్ని చూసుకుంటా. నాకు టైము లేదప్పా.”

పదకొండుకు ఐదు నిమిషాలుండగా ఈరేష్ మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. వెనక రమణి, ఆమె వెనక తల్లి.

“బావా, పది నిమిషాలు ఫోన్ ఇస్తివంటే... డోన్ నుంచి ఫోన్ వస్తాది. ఏడాది బాడుగ.”

ప్రవీణ్ ఒక ఇయర్‌ఫోన్ తీశాడు. “సింగపూర్ వాళ్లు లైన్‌లో ఉన్నారు. నెట్ తెగితే నా ఉద్యోగం పోతుంది. నీకది అర్థమవుతుందా అసలు?”

“వాని బతుకూ బతుకే కదండీ, ఇయ్యండి,” అంది రమణి.

“నీ తమ్ముడు నెలంతా వంకాయలు మోసి సంపాదించేది నాకు ఒక పూట జీతం. ఎవరి పని ఆగాలో నువ్వే చెప్పు.”

అంతలో ఫోన్ మోగింది. ప్రవీణ్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు.

వెంకటేశ్వరమ్మకు ఒళ్లు మండిపోయింది. “ఒరే, ఆ ఫోను గుంజుకోరా! అది నీది కాదా? అల్లుడని శానా ఓర్చుకున్యాం!”

ఈరేష్ ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రవీణ్ రెండు చేతులూ ఫోన్ మీద కప్పేశాడు. నెత్తిన ఫ్యాన్ తిరుగుతున్నా నుదురంతా చెమటలు. ఈరేష్ ఆ ముఖంలోకి చూశాడు.

మూడోసారి ఫోన్ మోగింది. ఆగిపోయింది.

“వద్దులేమ్మా. బావ ఉద్యోగం ముఖ్యం,” అని ఈరేష్ వెనక్కి తిరిగాడు. లోపల మళ్లీ ఇంగ్లీషు మొదలైంది, ఇంకాస్త గట్టిగా.

ఆరింటికి ఫోన్ చేతికి రాగానే ఈరేష్ డోన్‌కు చేశాడు. బాడుగ వెల్దుర్తి రంగన్నకు పోయింది.

రమణి బండి దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకుంది. “నోట్లో నాలుక లేదారా నీకు? నీ ఫోను నువ్వు అడుక్కోవాల్నా? ఏడాది కూడు పాయె.”

“నీ సంసారం బాగుంటే చాలక్కా. బాడుగలు ఇంకా వస్తాయి. యాడికి పోతాయి?”

“ఆయనకు సిగ్గు లేకపోతే నాకన్నా ఉండొద్దా? రోజంతా నీ నెట్టే వాడుకుంటాండాడు. ఆ ప్యాకు దుడ్లన్నా తీసుకో.” కొంగుముడి విప్పబోయింది.

“వద్దక్కా,” అని ఈరేష్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. “రేపు పొద్దున్నే ఛార్జింగ్ పెట్టి ఇస్తానని బావకు చెప్పు.”

మొదటిరోజు నుంచీ ఆ ఫోన్‌లో నెట్ ప్యాకే లేదు.