మెషీన్ దిద్దిన వ్యాసం

"ఇటివ్వు. దీంట్ల నీకేం తెల్వది," అంటూ ఉదయ్ కుమార్ భార్య చేతిలోని తన వ్యాసం కాగితాలు లాక్కున్నాడు. ఒక కాగితం మూల చిరిగింది.

"తెల్వకపోవుడేంది? ఇదే అశోక్‌నగర్ల ఇద్దరం కలిసే గ్రూప్స్‌కు చదివినం కద," అంది నవత.

"నువ్వు ఎప్పుడో ఇడిసిపెట్టినవ్. ఇప్పుడు సిలబస్ మారింది, ప్రశ్నలు అడిగే తీరు మారింది."

"ఇద్దరం కూసుంటే ఇల్లెట్ల గడుస్తదని ఇడిసిపెట్టి ఆన్‌లైన్ పని పట్టుకున్న."

ఉదయ్ కాగితాలు నేల మీద పరిచాడు. రాసిన పేజీలకు ఫోన్‌తో ఒక్కొక్కటిగా ఫొటోలు తీశాడు.

గ్రూప్-1 మెయిన్స్ దగ్గరపడింది. పోయినసారి అతన్ని ముంచింది వ్యాసం పేపరే. ఈసారీ పోతే గది ఖాళీ చేసి, జనగామలో అన్న విత్తనాల దుకాణంలో కూర్చోవాలి. అన్న ఆ మాట ఖరాఖండిగా చెప్పేశాడు. అందుకే ఒక అమెరికా కంపెనీ యాప్‌లో చేరాడు. ఫొటో పంపితే చాలు, చేతిరాత తెలుగును కూడా మెషీనే చదివి దిద్దుతుందని ఆ కంపెనీ ప్రకటన.

'ప్రపంచీకరణ వల్ల జాతి రాజ్యాలు బలహీనపడుతున్నాయా?' అన్నది ప్రశ్న. మర్నాడు సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వస్తూ మెట్ల మీదే ఫోన్ చూసుకున్నాడు. గదిలోకి వచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది.

"ఏమన్నది?" అంది నవత.

అతను చదివాడు. "'ప్రపంచ బ్యాంకు, ప్రపంచ వాణిజ్య సంస్థ పేర్లు పేజీ నిండా ఉన్నాయి. మనిషి ఒక్కడూ లేడు. ఆ సంస్థల నిర్ణయం ఎవరి ఇంటి పొయ్యి దాకా వచ్చిందో చెప్పండి. మళ్లీ రాయండి.'"

"బాగనే చెప్పింది."

"బాగనే ఏంది! ఏం దిమాక్ అది! ఇసొంటి మాట ఇక్కడ ఒక్క కోచింగ్ సార్ చెప్పిండా? గందుకే వాళ్లు అట్లున్నరు, మనం ఇట్లున్నం."

"అవును మరి," అని నవత అన్నం వడ్డించింది.

అతను మళ్లీ రాశాడు. ఎక్కడో ఒక దేశం మన సరుకు మీద సుంకం పెంచితే, ఇక్కడి ప్రభుత్వం బయటి పత్తికి సుంకం ఎత్తేస్తే, జనగామ మార్కెట్‌లో బస్తా పక్కన నిలబడ్డ రైతుకు ధర ఎలా పడిపోయిందో రాశాడు. నారాయణగూడలో బడిపిల్లల బట్టలు కుట్టే టైలర్‌ను తెచ్చాడు. బయటి దేశాల రెడీమేడ్ బట్టలు రావడంతో ఆయన కుట్టుమిషన్లు అమ్ముకున్నాడు. ఆయన కొడుకు మాత్రం ఒక బయటి దేశం కంపెనీలో ఉద్యోగం చేసి ఇల్లు కట్టాడు.

'మనుషులు వచ్చారు, సంతోషం,' అంది మెషీన్. 'ఇంతమంది మధ్య ప్రభుత్వం ఎవరి పక్కన నిలబడింది? అది తేల్చకుండా తప్పించుకుంటున్నారు. మళ్లీ రాయండి.'

ఉదయ్ తిట్టుకున్నాడు. తల పట్టుకున్నాడు. చివరికి ఒక వాక్యం రాశాడు: 'రాజ్యం బలహీనపడలేదు, ఎవరి ముందు వంగాలో, ఎవరిని వంచాలో అదే ఎంచుకుంటోంది.'

'ఈ వాక్యం పరీక్షలో మరిచిపోకండి,' అంది మెషీన్.

అతను మరిచిపోలేదు.

ఫలితాలు వచ్చిన పొద్దున వాణిజ్య పన్నుల అధికారిగా ఎంపికైన వాళ్లలో ఉదయ్ ఉన్నాడు. గల్లీ చివరికి పరుగెత్తి పూలు, కొబ్బరికాయ తెచ్చాడు. ఫోన్‌లో యాప్ తెరిచి, పీట మీద నిలబెట్టి, పండక్కి బండికి పెట్టినట్టు పసుపు కుంకుమ పెట్టాడు. కాయ కొట్టి దండం పెట్టాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"మెషీన్‌కు కాయ కొట్టుడేంది?" నవత నవ్వింది.

"నవ్వకు. అది లేకపోతే నేను జనగామల ఇత్తనాలు జోకుతుంటి."

"ఇంకెవ్వరికి మొక్కేది లేదా?"

అతను ఆలోచించాడు. "అన్నకు ఫోన్ చేసిన. ఇంకెవరున్నరు?"

నవత వంటింట్లోకి వెళ్లిపోయింది.

అంతలో స్నేహితుడు శ్రీనాథ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. కుంకుమ పెట్టిన ఫోన్ చూసి పడీ పడీ నవ్వాడు.

"అరే, మెషీన్ అనుకుంటున్నవారా? మా మరదలు ఆ కంపెనీల్నే చేస్తది. ఇంగ్లిష్ పేపర్లయితే మెషీన్ చూస్తది. తెలుగు చేతిరాత దానికి ఒక్క ముక్క రాదు. అమెరికాకు పోయిన పేపర్లన్నీ మళ్ల మన దిక్కే వస్తయి. మనోళ్లే ఇండ్లల్ల కూసోని దిద్దుతరు. ఇంట్లోళ్లకు సుత చెప్పొద్దని సంతకం పెట్టించుకుంటరు."

ఉదయ్ పీట మీది ఫోన్ వైపు చూశాడు. "మరి నా పేపర్లు దిద్దింది ఎవరు?"

"అది మా మరదలికి సుత తెల్వది. మొదటి పేపర్ ఎవరు పట్టుకుంటే, ఆఖరు దాకా వాళ్లకే వస్తయంట. నీది మొత్తం ఒక్క మనిషే దిద్దిండు రా."

ఉదయ్ ఫోన్‌ను రెండు చేతులతో తీసుకున్నాడు. వ్యాసం కింద జవాబు రాసే చోట, ఇలా రాశాడు: 'మీరెవరో నాకు తెలియదు. నా బతుకు నిలబెట్టారు. మీ పాదాలకు దండం. మీకు ఏం కావాలో అడగండి. ఏ ఊళ్లో ఉన్నా తెచ్చి ఇస్తాను.'

జవాబు వెంటనే వచ్చింది: 'ఊరు దాటే పని లేదు. ఆ కొబ్బరి చిప్పలు వంటింట్లకు పట్టుకరా, పచ్చడి నూరాలె.'